మంచుకొండకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ

2019 ఆగస్టులో ఐస్‌లాండ్‌లోని ఓ కొండ మీద సంతాప సభ జరిగింది. పోయింది మనిషి కాదు, ఓక్ అనే హిమానీనదం. పలచబడిపోయి సొంత బరువుకి కదల్లేని స్థితికి వచ్చిన మంచును హిమానీనదం అనరు. ఓక్ అలా అయిపోయిందని శాస్త్రవేత్త ఒడ్డుర్ సిగుర్డ్‌సన్ 2014లోనే తేల్చారు. సభకు ఆయన మరణ ధ్రువపత్రం పట్టుకొచ్చారు. దేశ ప్రధాని కూడా వచ్చారు. జనం కొండెక్కి బండరాయికి ఒక ఫలకం బిగించారు. గాలిలో అప్పటి కార్బన్ డయాక్సైడ్ మోతాదు, 415 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 415 వంతులు), దాని మీద చెక్కి ఉంది.

మన విజయవాడలో ఇదే పని చేయాలంటే ఫ్లెక్సీ చాలు. బెంజి సర్కిల్ దగ్గర, దండ వేసిన మంచుకొండ ఫొటో, కింద ‘మరణం: 2014’, ఆ కింద ‘శోకతప్త హృదయాలతో, కోస్తా ప్రజలు’. ‘ఎవరండీ పోయింది?’ అని ఎవరో ఒకరు ఆగుతారు. ఆగిన మనిషికి అక్కడే చేతికి పని చెప్పాలి. లేకపోతే నవ్వుకుని వెళ్లిపోతారు, అంతే.

కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ ఆ పని బాగా చేశారు. గ్రీన్‌లాండ్ సముద్రపాయలో తేలుతున్న మంచు దిమ్మలను తెచ్చి 2015లో పారిస్‌లో, 12 దిమ్మలు, గడియారం ఆకారంలో పెట్టారు. జనం వాటిని కౌగిలించుకున్నారు, చెవి ఆనించి విన్నారు. వేల ఏళ్ల కిందట మంచులో చిక్కుకున్న గాలిబుడగలు చిటపటమంటూ పగులుతాయి. ముట్టుకున్న ప్రతి చేతి వేడికీ ఆ మంచు ఇంకాస్త కరుగుతుంది. ప్రేమగా పట్టుకున్నా సరే. ఈ కళలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మనకు గ్రీన్‌లాండ్ అక్కర్లేదు, ఐసు ఫ్యాక్టరీ ఉంది. మే నెలలో పున్నమి ఘాట్ దగ్గర రెండు తొట్లు పెట్టాలి. ఒకదానిలో ఐసు దిమ్మను తేలనిచ్చి, అంచు దాకా నీళ్లు నింపాలి. రెండోదాన్ని కూడా అంచు దాకా నింపి, దిమ్మను పైన ఇనుప జల్లెడ మీద కూర్చోబెట్టాలి. ఎండలో వచ్చినవాళ్లు అరచేతులు ఆనించి చల్లబరుచుకుంటారు. ఆనించనివ్వాలి. కావాలంటే ఊక పోసి గోనెపట్టా కప్పమనాలి. స్విట్జర్లాండ్‌లో రోన్ హిమానీనదం అంచుకి తెల్ల దుప్పట్లు కప్పుతున్నారు. కరగడం నెమ్మదిస్తుంది, ఆగదు.

గంటలు గడిచినా మొదటి తొట్టి పొర్లదు. తేలే మంచు తన బరువుకి సమానమైన నీటిని ముందే పక్కకు నెట్టేసింది, కరిగాక సరిగ్గా ఆ చోటే నిండుతుంది. (ఉప్పునీటిలో పిసరంత తేడా ఉంటుంది.) రెండో తొట్టి మాత్రం మొదటి చుక్క నుంచే పొర్లుతుంది. నేల మీది మంచు అంటే అదే. ‘మంచు కరిగితే సముద్రం పెరుగుతుంది’ అని బడిలో చదివిన చాలామందికి ఏ మంచు అన్నది స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు.

ఎంత పొర్లుతోందో టీఎంసీల్లో చెబితే మనవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. 2000 నుంచి 2023 దాకా ప్రపంచ హిమానీనదాలు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచు కోల్పోయాయి. దాదాపు 9,600 టీఎంసీలు! ప్రకాశం బ్యారేజీలో నిలవుండేది సుమారు 3. ఈ నీటివల్ల ఆ కాలంలో సముద్ర మట్టం 18 మిల్లీమీటర్లు పెరిగింది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేలను కప్పిన భారీ మంచు పలకల వాటా దీనికి అదనం.

‘కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో కదా, మన నదిలో మంచునీళ్లు ఎక్కడివి?’ అని తప్పకుండా అడుగుతారు. నిజమే, కృష్ణది వాననీరు. మంచునీరు మన దగ్గరికి ఎగువ నుంచి రాదు, సముద్రం వైపు నుంచి వస్తుంది. అందుకే రెండో తొట్టి నీళ్లను ఇసుకతో చేసిన డెల్టా పటం అంచుకి మళ్లించాలి. నాగాయలంక, అవనిగడ్డ, హంసలదీవి పేర్లు రాసి పెట్టాలి. దివిసీమలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే బాధ తెలిసినవాళ్లు ఆ జనంలోనే ఉంటారు. వాళ్లని మాట్లాడనివ్వాలి. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం వల్ల డెల్టా నేల కూడా నిలదొక్కుకోలేకపోతోందని ఆ తర్వాత చెప్పవచ్చు.

ఫ్లెక్సీ మాత్రం వద్దు, అది పీవీసీ ప్లాస్టిక్. గుడ్డ బ్యానర్ మీద రాయించాలి. ఐసు గడ్డకట్టడానికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలిందో ఫ్యాక్టరీవాళ్లని అడిగి ఆ లెక్క కూడా పక్కనే రాయాలి. ఎలియాసన్ బృందం తమ మంచు రవాణాకి అయిన కర్బన లెక్కను అలాగే బయటపెట్టింది.