పెద్ద స్కాన్ తీస్తే అన్నీ తెలిసిపోతాయా? కోనసీమలో నేను రోజూ వినే అపోహలు

అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ ఎక్స్‌రేలు, స్కానింగులు చూసి రిపోర్టు రాయడం నా పని. "డబ్బు సంగతి చూడకండి డాక్టరుగారూ, పెద్ద స్కానే తీసెయ్యండి" అని చాలామంది అడుగుతారు. ఆ మాట వెనకున్న భయం నాకు అర్థమవుతుంది. కానీ అదే మాట వల్ల అక్కర్లేని పరీక్షకు డబ్బు పోసి, కావలసిన పరీక్షను వెనక్కి నెడుతున్నారు.

అపోహ: ఎమ్మారైకి ఖరీదెక్కువ కాబట్టి అందులో అన్నీ కనపడతాయి.

ఒక్కో యంత్రం ఒక్కో సంగతి చూస్తుంది. ఎక్స్‌రేలో కనపడేది నీడ. ఎముకలోని కాల్షియం కిరణాలను ఎక్కువగా ఆపుతుంది కనుక ఎముక తెల్లగా, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా పడతాయి. సీటీ కూడా ఎక్స్‌రేనే. కాకపోతే గొట్టం ఒంటి చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ తీస్తుంది, కంప్యూటరు ఆ లెక్కలు కట్టి అడ్డకోతలుగా చూపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో కిరణాలే ఉండవు. చెవికి వినపడని శబ్దం లోపలికి వెళ్ళి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ తయారవుతుంది. ఆ శబ్దానికి గాలి అడ్డం. పొట్ట మీద జెల్ రాసేది అందుకే, గ్యాస్ నిండితే క్లోమం సరిగ్గా కనపడనిదీ అందుకే. ఎమ్మారై అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ నుంచి సంకేతం తీసుకుంటుంది.

గాల్‌బ్లాడర్‌లో కొన్ని రాళ్ళు సీటీకి చిక్కవు, అల్ట్రాసౌండ్‌కు దొరికిపోతాయి. కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మనిషికి ఎముక ఎక్కడ చిట్లిందో సీటీ చెబుతుంది. కాళ్ళు కదలకపోతే వెన్నుపాము ఎంత నలిగిందో చెప్పగలిగేది ఎమ్మారై.

పక్షవాతం సంగతి మరీ ముఖ్యం. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే ఎక్కువ చోట్ల ముందు తీసేది సీటీనే. మెదడులో రక్తం చిమ్మిందా లేదా అన్నది నిమిషాల్లో తేలిపోవాలి. చిమ్మితే రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వకూడదు. చిమ్మకపోతే, తగినవారికి లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వచ్చు. మొదటి గంటల్లో సీటీ నార్మల్‌గా ఉన్నా పక్షవాతం లేదని కాదు, రక్తస్రావం కనపడలేదని. కాబట్టి సీటీ, ఆ మందు ఇచ్చే డాక్టరు రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. ఎమ్మారై ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఊళ్ళు తిరగకండి.

అపోహ: ఎక్స్‌రేలో కనపడలేదు, కాబట్టి గొంతులో ముల్లు లేదు.

గోదావరి చేప తినే ఇళ్ళలో ఇది తెలిసుండాలి. పులసలాంటి చేపల ముళ్ళు సన్నం, వాటిలో కాల్షియం తక్కువ. ఎక్స్‌రేలో నీడ పడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే, మింగలేకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరు చూడాల్సిందే. అవసరమైతే సీటీ తీస్తారు. దయచేసి అన్నం ముద్దలు మింగించకండి, ముల్లు ఇంకా లోతుకు దిగొచ్చు.

అపోహ: రొయ్య పడనివాళ్ళకు సీటీ ఇంజెక్షన్ ప్రమాదం.

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. రొయ్యలో అయోడిన్ ఉంది, సీటీలో లోపలి భాగాలు స్పష్టంగా కనపడటానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందులోనూ అయోడిన్ ఉంది, కాబట్టి రెండూ పడవని లెక్క. ఆ లెక్క తప్పు. రొయ్య పడనివాళ్ళలో చాలామందికి పడనిది అందులోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. అయోడిన్ మనం రోజూ తినే ఉప్పులో ఉంది, థైరాయిడ్‌కు అది కావాలి కూడా.

మాకు నిజంగా కావలసిన సమాచారం వేరు. ఇంతకు ముందు ఈ ఇంజెక్షనుతోనే దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? కిడ్నీ జబ్బు ఉందా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? ఉబ్బసం ఉందా? ఇవి దాచకండి. ఇంజెక్షన్ వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా వేడిగా అనిపించడం, నోట్లో ఇనుము రుచి తగలడం మామూలే, కాసేపట్లో పోతాయి.

అపోహ: స్కానింగ్ అంటేనే రేడియేషన్, అది ఒంట్లో పేరుకుపోతుంది.

అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు లేవు. గర్భిణికి అల్ట్రాసౌండ్ చేసేది అందుకే. (పుట్టేది ఎవరని మాత్రం అడగకండి. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం, చెప్పించుకోవడమూ నేరమే.) ఛాతీ ఎక్స్‌రేలో పడేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదు కొలత) లేదా అంతకన్నా తక్కువ. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. పొట్ట సీటీకి 10 దాకా పోవచ్చు, అందుకే పిల్లలకు అవసరమైతేనే రాస్తాం. కిరణాలు మాత్రం ఒంట్లో ఉండిపోవు, యంత్రం ఆగితే అవీ ఆగినట్టే. నెల తప్పిందని అనుమానం ఉన్నా సరే, ఎక్స్‌రేకు ముందే చెప్పండి.

అపోహ: ఎమ్మారై ఆపి ఉంటే లోపలికి ఏదైనా తీసుకెళ్ళచ్చు.

మా ప్రాంతంలో ఎక్కువగా ఉండే 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రాల్లో అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచిన తీగచుట్ట అది. కరెంటు పోయినా లాగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సిలిండరు గాల్లో లేచి వెళ్ళి మనిషిని చంపగలదు. వెల్డింగు పని చేసేవాళ్ళు కంట్లో ఎప్పుడైనా ఇనుప రవ్వ పడి ఉంటే తప్పక చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు తేవాలి. కాలిలో రాడ్డు ఉంటే ఎమ్మారై కుదరదనుకుంటారు గానీ, ఈమధ్య వేసిన వాటిలో చాలావరకు ఇబ్బంది ఉండదు. ఆపరేషన్ కాగితం చూపిస్తే చాలు.

మంగళసూత్రం తియ్యమంటే కొందరు అమ్మలు కన్నీళ్ళు పెట్టుకుంటారు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. అయినా వేడెక్కవచ్చు, బొమ్మను చెరుపుతుంది. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని రండి, మాకు ఏ అభ్యంతరమూ లేదు. పిన్నీసులు, తలపిన్నులు ఇంట్లోనే తీసి రండి.

అపోహ: కొత్తది తీశాక పాత ఫిల్ములతో పనిలేదు.

ఊపిరితిత్తిలో చిన్న గట్టి మచ్చ కనపడితే, నేను ముందు అడిగేది పాత ఫిల్ము ఉందా అని. రెండేళ్ళుగా అది పెరగలేదని తేలితే, సాధారణంగా కేన్సర్ భయం చాలావరకు తీరిపోతుంది, సూది పరీక్ష తప్పచ్చు. లంక ఊళ్ళలో వరదకు ఫిల్ములు తడిసి అంటుకుపోతాయి. కాబట్టి ఫిల్ముతోపాటు సీడీ అడిగి తీసుకోండి, రిపోర్టు ఫోనులో ఫొటో తీసి పిల్లలకు కూడా పంపి ఉంచండి. తర్వాత ఏ ఊళ్ళో చూపించుకున్నా అవన్నీ వెంట తీసుకెళ్ళండి.