పునీతుడి పుట్టిల్లు

చిన్నీ, బాబీ,

ఇద్దరూ బాగున్నారా? మొన్న ఫోన్లో బాబీ కేరళ పునీతుడు, అంటే సెయింట్, చావర గారి గురించి ఒక మాట అడిగాడు. "తాతయ్యా, చావర గారి సమాధి మన్నానంలో ఉంది కదా, మళ్ళీ ఆ పడవెక్కి కైనకరి దాకా ఎందుకు? పుట్టాడు, వెళ్ళిపోయాడు, అంతేగా!" అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఫోన్లో నాకు మాట తొందరగా తట్టదు. అందుకే ఈ ఉత్తరం.

ఆయన పుట్టిన ఊరు కైనకరి కేరళలో అలప్పుళ జిల్లాలో ఉంది. ఆ ప్రాంతాన్ని కుట్టనాడు అంటారు. మన కోనసీమ చూశారుగా, అంతకన్నా నీళ్ళెక్కువ. అక్కడ పొలాలు సముద్ర మట్టం కన్నా కింద ఉంటాయి. చుట్టూ గట్లు వేసి, నీళ్ళు తోడేసి వరి పండిస్తారు. పడవలో వెళ్తుంటే కాలువ పైన, పొలం కింద! మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త టెన్షన్ వేసింది.

ఆ నీళ్ళ మధ్యే 1805 ఫిబ్రవరి 10న కురియాకోస్ ఏలియాస్ చావర పుట్టాడు. ఆ ఇంటిని చావర భవన్ అని పేరు పెట్టి కాపాడుకుంటున్నారు. దాని వయసు 250 ఏళ్ళని చెబుతారు. భవన్ అన్నారు కదా అని మేడ ఊహించుకోకండి.

ఇక బాబీ ప్రశ్న. ఆయన రాసిన ‘ఆత్మానుతాపం’ అనే కావ్యంలో వాళ్ళమ్మ మరియమ్మ కనిపిస్తుంది. ఆమె అర్ధరాత్రి లేచి మోకాళ్ళ మీద చాలాసేపు ప్రార్థన చేసేదట. ఈ పిల్లాడు పక్కన ఆమెను ఆనుకుని కూర్చునేవాడట. నాకు సమాధి దగ్గర గుర్తొచ్చేది పెద్దాయన. ఈ ఇంట్లో గుర్తొచ్చేది నిద్రమొహంతో అమ్మ కొంగు పట్టుకున్న పిల్లాడు. పునీతులందరూ పటాల్లో గడ్డాలతోనే ఉంటారు గనక, వాళ్ళకీ చిన్నతనం ఉందని మనం మర్చిపోతాం.

అయిదేళ్ళ వయసులో ఊళ్ళోనే ఒక ఆశాన్ దగ్గర, అంటే మన పంతులుగారిలాంటి ఆయన దగ్గర, అక్షరాలు దిద్దాడు. పదమూడో ఏట, 1818లో, పళ్ళిప్పురం సెమినరీకి, అంటే ఫాదర్లు కావడానికి చదువుకునే చోటికి, వెళ్ళాడు. అక్కడ ఉండగానే అంటువ్యాధి వచ్చి అమ్మ, నాన్న, ఒక్కగానొక్క అన్న పోయారు. ఇంటికొచ్చేసి వంశం నిలబెట్టమన్నారు బంధువులు. ఆయన సెమినరీకే తిరిగి వెళ్ళాడు. ఆ గడప దగ్గర నేను కాసేపు ఊరికే నిలబడిపోయాను. పుట్టిల్లు అనే మాట మనం ఆడపిల్లలకే వాడతాం గానీ, ఆ ఇల్లు వదిలి వెళ్ళిన అబ్బాయికీ అది పుట్టిల్లే.

తర్వాతి సంగతులు మీకు కొంత తెలుసు. 1831లో మన్నానంలో మొదలైన సి.ఎం.ఐ. (కార్మెలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్) అనే సన్యాసుల సభ స్థాపకుల్లో ఆయనొకరు. మన ఆదిలాబాద్ వైపు పనిచేసే సి.ఎం.ఐ. ఫాదర్లది ఆ సభే. 1864లో ప్రతి చర్చి పక్కనా బడి పెట్టాలని ఆజ్ఞ వేశాడు. మలయాళంలో ‘పళ్ళి’ అంటే చర్చి, బడిని ‘పళ్ళిక్కూడం’ అంటారు. ఆ మాట ఆయన వల్లే పుట్టిందనేవాళ్ళున్నారు. నేను నమ్మను, తమిళంలోనూ అదే మాట ఉంది. కానీ బడికొచ్చే పేదపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించాడన్నది నిజం. దానికోసం ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టేవారు. మీ నాయనమ్మ కూడా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్క డబ్బాలో వేసేది, చిన్నీకి గుర్తుండే ఉంటుంది. వరి కోసం నీళ్ళతో పోరాడే ఊళ్ళో పుట్టినవాడికి ఆ పిడికెడు విలువ ఒకరు నేర్పక్కర్లేదు.

1871 జనవరి 3న ఆయన కూనమ్మావులో చనిపోయాడు. 2014 నవంబరు 23న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు.

సెలవుల్లో మీరు వస్తే ముందు కైనకరి, తర్వాత మన్నానం. ఎండకు టోపీలు తెచ్చుకోండి. పడవలో చివరి సీటు కోసం ఇప్పటినుంచే పోట్లాడుకోకండి, అది నాది.

మీ తాతయ్య