ట్రోలింగ్ మోటార్ కొనేముందు ఆ ‘వరకు’ అన్న మాట చదవండి

మార్చి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల లేక్స్‌లో శాండ్ బాస్ చేప కదులుతుంది, ట్రోలింగ్ మోటార్ల (చేపలు పట్టే బోటుని బ్యాటరీతో మెల్లగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటార్ల) గురించి మా వర్క్‌షాప్‌కి ఫోన్లు మొదలవుతాయి. వాటిలో మన తెలుగువాళ్లవి ఏటా పెరుగుతున్నాయి. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "అన్నా, వేరియబుల్ స్పీడ్ మోటార్ కొన్నాను. బ్యాటరీ ఐదు రెట్లు ఎక్కువసేపు వస్తుందన్నారు. గంటకే అయిపోయింది. మోటార్ డిఫెక్టా?"

కాదు. పదిమందిలో తొమ్మిదిమంది మోటార్లు బాగానే ఉంటాయి. ఎవరో సగం చెప్పిన మాట నమ్మి చిన్న బ్యాటరీ కొన్నారు, అంతే.

అపోహ: వేరియబుల్ స్పీడ్ అయితే ఏ వేగంలోనైనా బ్యాటరీ ఆదా.

వాస్తవం: ఆదా అంతా తక్కువ వేగాల్లోనే. ఫుల్‌లో ఏమీ మిగలదు.

పాత ఐదు స్పీడ్ల మోటార్‌లో వేగం తగ్గించేది ఒక రెసిస్టెన్స్ కాయిల్. 1 మీదో 2 మీదో పెడితే బ్యాటరీ ఇచ్చిన శక్తిలో కొంత ప్రొపెల్లర్ దాకా రాదు, కాయిల్‌లోనే వేడై పోతుంది. 5 మీద పెడితే కాయిల్‌తో పని లేకుండా నేరుగా 12 వోల్టులు అందుతాయి. (అందుకే కాయిల్ కాలిన మోటార్ 5లో మాత్రమే తిరుగుతుంది. మోటారే పోయిందనుకుని పారేసినవాళ్లు ఉన్నారు. కాయిల్ మారిస్తే సరిపోయేది.)

వేరియబుల్ స్పీడ్‌లో ఆ కాయిల్ ఉండదు. పీడబ్ల్యుఎం బోర్డు కరెంటును సెకనుకి వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉండే వాటా తగ్గితే వేగం తగ్గుతుంది, వేడిగా పోయేది చాలా తక్కువ. మెల్లగా గట్టు వెంట పోతూ క్రాపీ చేపలు పట్టేవాళ్లకి ఇది నిజంగా వరం. కానీ డయల్ 10కి తిప్పాక ఆ స్విచ్ ఇక ఆఫ్ అవదు. అక్కడ పాత మోటార్‌కీ కొత్తదానికీ తేడా లేదు. 12 వోల్టుల, 55 పౌండ్ల థ్రస్ట్ (తోసే బలం) ఉన్న మోటార్ ఫుల్‌లో సుమారు 50 ఆంపులు లాగుతుంది, బోర్డు ఉన్నా లేకపోయినా. మిన్ కోటా కంపెనీ తన మాక్సిమైజర్ (ఈ పీడబ్ల్యుఎం బోర్డుకి వాళ్లు పెట్టిన పేరు) గురించి చెప్పేది "ఐదు రెట్ల వరకు" అని. అమ్మేచోట, వాట్సాప్ గ్రూపుల్లో ఆ ‘వరకు’ ఎగిరిపోతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇంకో సంగతి, నీళ్లలో వేగం రెట్టింపు కావాలంటే శక్తి రెట్టింపు చేస్తే చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. వేగం సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు శక్తి సరిపోతుందన్నమాట. బ్యాటరీని కాపాడేది మోటార్ కన్నా ముందు డయల్ మీద ఉన్న మీ చెయ్యి.

ఇక బ్యాటరీ లెక్క. "100 ఆంప్ అవర్ల బ్యాటరీ కదా, 50 ఆంపులు లాగితే రెండు గంటలు" అంటారు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఈ లెక్క చెల్లదు. ఆ 100 అనేది 20 గంటలపాటు, 5 ఆంపుల చొప్పున మెల్లగా తీసినప్పటి మాట. గట్టిగా లాగేకొద్దీ వచ్చేది తగ్గిపోతుంది. స్టిక్కర్ మీద రిజర్వ్ కెపాసిటీ అని నిమిషాల్లో ఉంటుంది, అది చూడండి. అది 25 ఆంపుల దగ్గర బ్యాటరీ 10.5 వోల్టులకి పడిపోయేదాకా పట్టే సమయం. 170 అని ఉంటే 50 ఆంపుల దగ్గర 85 నిమిషాలు కూడా రావు. బ్యాటరీ నాలుగు కాలాలు ఉండాలని సగం దగ్గరే ఆపితే, మీ చేతిలో ఉన్నది 40 నిమిషాలు.

పోయిన ఏడాది ఒక తమ్ముడు లూయిస్‌విల్ లేక్‌లో డ్యామ్ వైపు ఉన్న ర్యాంప్ (బోటు నీళ్లలోకి దింపే చోటు) నుంచి భార్యను, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లాడు. దక్షిణపు గాలి. వెళ్లేటప్పుడు గాలే తోసింది కాబట్టి మోటార్ పని తెలియలేదు. తిరిగి రావడం గాలికి ఎదురు, డయల్ 10, సగం దారిలో మోటార్ ఆగిపోయింది. వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా అతని భార్య మొహంలో భయం పోలేదు. "ఇంక ఎప్పుడూ ఎక్కను అన్నయ్యా" అంది. కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూశాను, 50 ఆంపులు, మోటార్ తప్పేం లేదు. తప్పు తీగలో దొరికింది. బ్యాటరీ వెనక, మోటార్ ముందు, మధ్యలో 15 అడుగుల 10 గేజ్ వైరు. రాకపోకలు కలిపి 30 అడుగులు, ఫుల్‌లో అక్కడే ఒకటిన్నర వోల్టు పోతోంది. ఇంకా లావైన 6 గేజ్ వేస్తే అది 0.6కి దిగింది, 60 ఆంపుల బ్రేకర్ కూడా పెట్టాను. అంత ఖరీదైన మోటార్ కొని తీగ దగ్గర మిగుల్చుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 24 వోల్టుల మోటార్ అయితే రెట్టింపు సేపు వస్తుందా? వస్తే అది రెండో బ్యాటరీ వల్ల. కారు బ్యాటరీ వాడొచ్చా? వద్దు, అది స్టార్టింగ్ కోసం చేసింది, లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందా? ఇప్పటి ప్లాస్టిక్ బాక్సు బ్యాటరీలకి అలాంటిదేం లేదు. లిథియం మంచిదే, బరువు సగం కూడా ఉండదు, వోల్టేజీ చివరిదాకా నిలుస్తుంది. అలా నిలుస్తుంది కాబట్టే 85 శాతం పైన ఎక్కువసేపు నడపొద్దని మిన్ కోటా చెబుతోంది, మోటార్ పాడయ్యే అవకాశం ఉంది. గడ్డకట్టే చలిలో మాత్రం దానికి ఛార్జింగ్ పెట్టకండి.

నీళ్ల మధ్యలో బ్యాటరీ అయిపోతే టెన్షన్ పడి డయల్ తిప్పుతూ ఉండకండి. లైఫ్ జాకెట్లు వేసుకున్నారో లేదో చూసుకుని, యాంకర్ వేసి మోటార్ ఆపేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 20 నిమిషాలు విశ్రాంతి ఇస్తే కొంచెం తేరుకుంటుంది. అప్పుడు డయల్ 2 మీదో 3 మీదో పెట్టి దగ్గర్లో ఉన్న గట్టుకి చేరండి. కారు పెట్టిన ర్యాంప్ దాకా పోవాలని చూడొద్దు, కారు దగ్గరికి తర్వాత నడిచి వెళ్లొచ్చు.