బస్సు దాటిన గుంతలో కారు టైరు ఎందుకు పగిలింది?

మహబూబ్‌నగర్,
శ్రావణ మాసం.

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. మొన్నటి వానల్లో మీరు మీ చిన్నాయనతో కలిసి నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మా ఇంటికి వస్తుండగా కొత్త కరెంటు కారు ఒక గుంతలో పడి ముందు టైరు పగిలిన సంగతి అప్పుడే విన్నాను. అయితే ఉత్తరం చివర చిన్నది అడిగిన ప్రశ్నను ఆ రోజు పెద్దలెవరూ అడగలేదు. "తాతా, మా ముందు పోయిన ఆర్టీసీ బస్సు అదే గుంతలో దిగి పోయింది, వెనక వచ్చిన ఆటో కూడా పోయింది, అన్నింటికంటే ఖరీదైన మన కారు టైరే ఎందుకు పగిలింది?" అని రాసింది. మేమంతా రోడ్డును తిట్టి ఊరుకున్నాం. రోడ్డును తిట్టడం తప్పని అనను గానీ, గుంత అందరికీ ఒక్కటే అయినప్పుడు పగలడం ఒక్కరికే ఎందుకు జరిగిందో తిట్టు వల్ల తెలియదు కదా.

దీనికి నేను చుట్టబట్టతో జవాబు చెబుతాను. నెత్తి మీద బిందె గానీ తట్ట గానీ పెట్టుకొనే ముందు ఆడవాళ్లు ఒక పాత గుడ్డను మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, నడినెత్తి మీద పెట్టుకొనేవారు. దానిని మీరు చూసి ఉండకపోవచ్చు. నా చిన్నతనంలో అది లేని ఇల్లు లేదు. మా పాలమూరు మనుషులు ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి గుంపు మేస్త్రీ వెంట వలస పోయేవారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన తరువాత ఏళ్ల తరబడి సాగిన ఆ రాతి కట్టడంలో మా అమ్మ కూడా తట్ట మోసింది. నేను గుడిసె ముందు కూర్చొని, పొద్దున ఆమె చుట్టబట్ట చుట్టుకొనే తీరును రోజూ చూసేవాణ్ణి. ఆ గుంపులో కొత్తగా పెండ్లయి వచ్చిన ఒక పడుచు ఉండేది. ఆమె చుట్టబట్టను సన్నగా, చక్కగా, గాజులాగా గుండ్రంగా చుట్టేది. అది చూడటానికి అందంగా ఉండేది, తట్ట అటూ ఇటూ ఊగేది కాదు, నడక కూడా చురుగ్గా సాగేది. మా అమ్మది మాత్రం లావుగా, మొద్దుగా ఉండేది. చదునైన బాట మీద పడుచుదే పైచేయి. కానీ వాన పడి, బాటలో నీళ్లు నిలిచి, ఆ నీళ్ల కింది గుంతలో కాలు దిగబడినప్పుడు తట్ట ఒక్కసారిగా కిందికి దిగేది. లావు చుట్టబట్ట ఆ దెబ్బను నలిగి మింగేది. సన్నది నలగడానికి చోటు లేక, తట్ట అంచుకూ తల ఎముకకూ నడుమ చితికిపోయేది. అటువంటి రోజున ఆ పడుచు సాయంత్రం దాకా తల పట్టుకొని కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

టైరు కూడా ఒక చుట్టబట్టే. దానిలో గుడ్డ మడతలకు బదులు గాలి ఉంటుంది, తలకు బదులు లోహపు రిమ్ము ఉంటుంది, అంతే తేడా. ఇక్కడ బరువు రిమ్ము మీదుగా కిందికి దిగుతుంది, దెబ్బ నేల వైపు నుంచి పైకి వస్తుంది. చుట్టబట్ట నడుమన ఉండి రెండింటినీ ఓర్చుకొంటుంది. అది ఎంత లావుగా ఉందో టైరు మీదనే రాసి ఉంటుంది. మీ చిన్నాయన కారు టైరు మీద 235/45 ఆర్ 18 అని ఉంది. అందులో 235 టైరు వెడల్పు, అది మిల్లీమీటర్లలో ఉంటుంది. 45 అన్నది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎన్ని వంతులో చెబుతుంది. 18 రిమ్ము వ్యాసం, అది అంగుళాలలో ఉంటుంది. లెక్క కడితే గోడ ఎత్తు సుమారు 106 మిల్లీమీటర్లు వస్తుంది. మీ బాపు నడిపే పాత చిన్న కారు టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటుంది, దాని గోడ 132 మిల్లీమీటర్లు. చిన్నాయన కారు చక్రం మొత్తం మీద పెద్దదే, కానీ ఆ పెద్దతనమంతా లోహానిది. నలగడానికి పనికివచ్చే రబ్బరు గోడ చిన్న కారు కంటే కూడా రెండున్నర సెంటీమీటర్లు తక్కువ.

ఇక తట్టలోని బరువు సంగతి చూద్దాం. పెట్రోలు కారులో ట్యాంకు నిండా నలభై లీటర్లు పోసినా ఆ పెట్రోలు బరువు ముప్పై కిలోల చిల్లర మాత్రమే, అది కూడా దారి పొడుగునా తరిగిపోతుంది. పెద్ద కరెంటు కారులో నేల కింద పరిచిన బ్యాటరీ ఒక్కటే నాలుగు క్వింటాళ్ల దాకా తూగుతుంది, చార్జి అంతా అయిపోయినా దాని బరువు మనకు తెలిసేంతగా తగ్గదు. చిన్న పెట్రోలు కారు తొమ్మిది క్వింటాళ్లు ఉంటే ఈ కారు పద్దెనిమిది క్వింటాళ్లు ఉంటుంది. అంటే ఒక్కొక్క టైరు మీద రెండు క్వింటాళ్ల చిల్లరకు బదులు నాలుగున్నర క్వింటాళ్లు పడతాయి. ఇంత బరువును సన్నటి చుట్టబట్ట మీద నిలపాలంటే గుడ్డను గట్టిగా మెలిపెట్టాలి. టైరులో గాలి ఎక్కువ పెట్టడమంటే అదే. చిన్న కారుకు చదరపు అంగుళానికి 30 పౌండ్ల గాలి చాలితే ఇటువంటి బరువైన కార్లలో కొన్నింటికి 42 దాకా పెట్టమని తయారుచేసినవారే చెబుతారు. అలా పెట్టాక కూడా ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. నాలుగున్నర క్వింటాళ్లు నిలబడేది ఆ కాస్త చోటు మీదనే.

ఇప్పుడు గుంత దగ్గరికి వద్దాం. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే కారు అర మీటరు గుంతను దాటడానికి సెకనులో నూటికి మూడు వంతుల సమయమే పడుతుంది. ఆ కాస్తలోనే చక్రం కిందికి జారుతుంది, వెంటనే గుంత ఆవలి అంచు ఎదురుగా వచ్చి టైరును లోపలికి నొక్కుతుంది. గోడ ఎత్తుగా ఉంటే మడతపడి, గాలిని కుదించి, మళ్లీ లేస్తుంది. గోడ పొట్టిగా, బరువు ఎక్కువగా ఉంటే మడత రిమ్ము దాకా పోతుంది. అప్పుడు పక్కగోడ ఒకవైపు గుంత అంచుకూ మరొకవైపు రిమ్ము అంచుకూ నడుమ, తలుపు సందులో వేలు పడినట్టుగా నలిగిపోతుంది. టైరు నేలను తాకే భాగంలో రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్కగోడలో అవి ఉండవు. అక్కడ ఒకటి రెండు పొరల సన్నని పాలియెస్టర్ దారాలే గాలి ఒత్తిడినంతా పట్టి ఉంచుతాయి. మా చుట్టబట్ట పైకి బాగానే కనిపిస్తూ లోపలి మడతలో చిరిగినట్టు, రబ్బరు చెక్కుచెదరకుండానే లోపలి దారాలు తెగిపోవచ్చు. దారాలు తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది, గోడ మీద కోడిగుడ్డంత బుడిపె లేస్తుంది. మీ చిన్నాయన కారుకు ఆ బుడిపె లేచే వ్యవధి కూడా లేదు, గోడ ఒకేసారి చీలిపోయింది. కొన్నిసార్లు అలాయ్ రిమ్ము కూడా వంకరపోతుంది, లేదా పగులు పడుతుంది.

పంక్చర్ షాపు అతను చూడగానే తల అడ్డంగా ఊపాడని మీరు రాశారు. అతనిది మొండితనం కాదు. మేకు దిగిన రంధ్రం నేలను తాకే భాగంలో ఉంటే పూడ్చవచ్చు. నడుస్తున్నంతసేపూ మడతపడుతూ లేస్తూ ఉండే పక్కగోడకు అతుకు నిలవదు. పైగా ఇటువంటి కార్లు చాలావాటిలో స్టెప్నీ ఉండదు, దానికి బదులుగా ఇచ్చే, చిన్న రంధ్రాలు పూడ్చే జిగురు సీసాతో చీలిన గోడ మూతపడదు. అందుకే మీరంతా చీకటి పడేదాకా రోడ్డు పక్కన కూర్చున్నారు.

ఇంతకీ బస్సు సంగతి చెప్పాలి. బస్సు టైరు మీద 295/80 ఆర్ 22.5 అని ఉంటే దాని గోడ 236 మిల్లీమీటర్లు, అంటే మన కారు గోడకు రెట్టింపు కంటే ఎక్కువ. దాని పక్కగోడలో కూడా ఉక్కు తీగలే ఉంటాయి, గాలి నూరు పౌండ్లు దాటి ఉంటుంది. చక్రం మొత్తం మీటరు దాటిన వ్యాసం కలది కనుక అర మీటరు గుంతలోకి అది పూర్తిగా దిగనే దిగదు, అంచు నుంచి అంచుకు దొర్లిపోతుంది. ఆటో చక్రం చిన్నదే, గుంతలోకి బాగా దిగుతుంది, కానీ ఆటో తేలిక, దాని నడకా నెమ్మది. వేగం సగమైతే బండిలోని ఊపు శక్తి నాలుగో వంతుకు పడిపోతుందని మీ పంతులు చెప్పే ఉంటారు. ఒకరిని లావు కాపాడింది, ఒకరిని తేలిక కాపాడింది. మన కారుకు ఆ రెండూ లేవు.

మరి తెలిసి తెలిసి సన్నటి చుట్టబట్ట ఎందుకు పెట్టారని మీరు అడుగుతారు. ఆ పడుచు ఎందుకు చుట్టిందో వీరూ అందుకే చేశారు. గోడ పొట్టిగా ఉంటే మలుపులో కారు ఊగదు, స్టీరింగు తిప్పినంతలోనే మాట వింటుంది. బరువైన కారును ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, అవి పట్టడానికి పెద్ద రిమ్ము కావాలి. ఇవి న్యాయమైన కారణాలే. వాటితో పాటు పెద్ద రిమ్ము షోరూములో మెరుస్తుందనేది కూడా ఒక కారణం. ఒకే కారును పద్దెనిమిది అంగుళాల రిమ్ముతోనూ ఇరవై అంగుళాల రిమ్ముతోనూ అమ్ముతున్నప్పుడు మన దారులలో తిరిగేవాడు చిన్నదే అడగాలని నా అభిప్రాయం. కొనుక్కొనేటప్పుడు వస్తువు ఎక్కడ తిరుగుతుందో తలచుకోవాలి, ఎక్కడ నిలబెట్టి నలుగురికీ చూపిస్తామో కాదు. మీ చిన్నాయన ముందు ఈ మాట చదవకండి, ఇప్పటికే టైరు ఖరీదు కట్టి మనసు కష్టపెట్టుకొని ఉన్నాడు.

అసలు గాలి నింపిన టైరు వాడకంలోకి వచ్చిందే ఒక పిల్లవాడి కోసమంటే మీరు సంతోషిస్తారు. 1845లోనే థామ్సన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు తీసుకొన్నా, అది వాడకంలో నిలవలేదు. 1887-88లో బెల్‌ఫాస్ట్ ఊరిలో డన్‌లప్ అనే పశువుల వైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ల దారిలో ఎగిరెగిరి పడటం చూసి, దాని చక్రాలకు గాలి గొట్టాలు తొడిగాడు. అక్కడి నుంచే అది లోకమంతా పాకింది.

ఇంత బరువైన కార్ల వల్లనే రోడ్డు గుంతలు పడుతున్నదా అని పెద్దవాడు అడిగాడు. అది సరికాదు. డాంబరు పగుళ్లలోంచి నీళ్లు దిగి కింది కంకర వదులైనప్పుడు, పై నుంచి బరువు నొక్కితే గుంత పడుతుంది. ఆ నొక్కే బరువు ఇరుసుకు రెట్టింపైతే రోడ్డుకు జరిగే హాని సుమారు పదహారు రెట్లు అవుతుందని అమెరికాలో 1958 నుంచి 1960 దాకా లారీలు తిప్పి చేసిన పరీక్షలలో తేలింది. మన కారు ఇరుసు మీద తొమ్మిది క్వింటాళ్లే ఉంటాయి. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం నింపుకొని పోయే లారీ ఇరుసు మీద దానికి పది రెట్లు కూడా ఉండవచ్చు. నాలుగు రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే పదహారు వచ్చినట్టు, నాలుగు పదులను గుణిస్తే ఎంత వస్తుందో మీరే కట్టి చూడండి, వచ్చిన అంకెకు భయపడకండి.

చిన్నాయనకు మాత్రం ఈ నాలుగు మాటలు నా మాటగా చెప్పండి. నీళ్లు నిండిన గుంతను లోతైనదనే అనుకోవాలి. ముందు పోయే లారీకి ఎడం ఉంచితే గుంత ముందే కనబడుతుంది. వేగం గుంతకు ముందే తగ్గించి, అంచు దగ్గరికి వచ్చేసరికి బ్రేకు మీది కాలు తీసేయాలి, ఎందుకంటే బ్రేకు నొక్కి ఉన్నంతసేపూ కారు ముక్కు కిందికి వంగి ముందు చక్రాల మీదనే బరువు పడుతుంది. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించకూడదు. వదులుగా చుట్టిన చుట్టబట్ట ఎంత త్వరగా తల ఎముకకు తగులుతుందో గాలి తక్కువైన టైరు అంత త్వరగా రిమ్ముకు తగులుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే అక్కడి చట్రం మీద అంటించి ఉంటుంది. దానిని టైర్లు చల్లగా ఉన్న పొద్దుటి పూట, బండి తీయక ముందే చూసుకోవాలి.

ఒక సంగతి మిగిలింది, దానికి నా చుట్టబట్ట కూడా చాలదు. టైరు లోపల గాలి అన్ని వైపులా ఒకే ఒత్తిడితో నొక్కుతుంది, రిమ్మును పై నుంచి ఎంత నొక్కుతుందో కింది నుంచీ అంతే నొక్కుతుంది. అటువంటప్పుడు కారును పైకి ఎత్తి పట్టుకొన్నది ఎవరు? ఇది మాటలతో చెప్పేది కాదు, చూడవలసింది. కారు ఆగి, హ్యాండుబ్రేకు వేసి ఉన్నప్పుడు ఒక చక్రం ముందు కూర్చోండి. నేలను తాకే చోట గోడ కొంచెం బయటికి ఉబ్బి ఉంటుంది, పై భాగంలో బిగువుగా ఉంటుంది. కింద దారాలు సడలాయి, పైన బిగువుగానే ఉన్నాయి, రిమ్ము ఎటు వైపు దారాల మీద ఆధారపడి ఉందో ఆలోచించండి. ఆ తరువాత సుద్దముక్కతో ఉబ్బిన చోట గీత పెట్టి, చక్రం సగం చుట్టు తిరిగేదాకా చిన్నాయనను కారు ముందుకు జరపమనండి. మంచి టైరు అయితే గీత పైకి పోతుంది, ఉబ్బు మాత్రం నేల దగ్గరే ఉంటుంది. ఉబ్బు కూడా గీతతో పాటే పైకి పోతే అది తెగిన దారాల బుడిపె, ఆ టైరుతో ఊరు దాటవద్దని చెప్పండి. లోపలి వైపు గోడను కూడా చూడటం మరవకండి.

ఆశీస్సులతో,
మీ తాత