రికార్డ్ నొక్కగానే వచ్చే -9985: లినక్స్ ఆడియో పొరల వెనక కథ

లినక్స్‌లో శబ్దాన్ని రికార్డ్ చేసి సవరించే ఆడాసిటీ ప్రోగ్రామ్ తెరిచి ఎర్ర బటన్ నొక్కుతారు. గొంతు రికార్డ్ కావడానికి బదులు ‘ఎర్రర్ ఓపెనింగ్ రికార్డింగ్ డివైస్’ అని చిన్న కిటికీ వస్తుంది. కింద -9985 అనో, -9997 అనో ఒక సంఖ్య ఉంటుంది. అదే మైకు బ్రౌజర్‌లో వీడియో కాల్‌కు చక్కగా పనిచేస్తుంది. దాంతో ఆడాసిటీ చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అయినా లోపం పోదు, ఎందుకంటే తగాదా ఆడాసిటీలో లేదు. సౌండ్ కార్డు ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. లినక్స్ దీనికి మూడు దశాబ్దాల్లో మూడు నాలుగు రకాల జవాబులు ఇచ్చింది. కొత్త జవాబు వచ్చినప్పుడు పాతది పోలేదు, దాని కింద పొరగా మిగిలిపోయింది.

మొదటి పొర ఓఎస్ఎస్ (ఓపెన్ సౌండ్ సిస్టమ్). 1990ల తొలినాళ్లలో ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవోలైనెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం రాసిన డ్రైవర్ నుంచి అది పెరిగింది. అందులో సౌండ్ కార్డు అంటే దేవ్ డైరెక్టరీలో డీఎస్పీ అనే ఒక ఫైలు. ప్రోగ్రామ్ దాన్ని తెరిచి బైట్లు రాస్తే శబ్దం వస్తుంది, చదివితే రికార్డింగ్ అవుతుంది. ఇంత సూటైన పద్ధతి తర్వాత మళ్లీ రాలేదు. లోపం కూడా అందులోనే ఉంది. హార్డ్‌వేర్‌లోనే శబ్దాలను కలపగల కొన్ని కార్డులను మినహాయిస్తే, ముందుగా తెరిచిన ప్రోగ్రామ్‌దే కార్డు. రెండోదానికి ‘డివైస్ బిజీ’ అన్న జవాబే దక్కేది. నేటి -9985 (పరికరం అందుబాటులో లేదన్న సంకేతం) మూలంలో ఉన్నది ఈ పాత జవాబే.

1998లో చెక్ ప్రోగ్రామర్ యారోస్లావ్ కిసెలా, గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు డ్రైవర్‌తో మొదలుపెట్టి ఆల్సా (అడ్వాన్స్‌డ్ లినక్స్ సౌండ్ ఆర్కిటెక్చర్) అనే కొత్త వ్యవస్థను నిర్మించాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఓఎస్ఎస్ స్థానాన్ని అది తీసుకుంది. ఇందులో పరికరానికి ఒక పేరు కాదు, చాలా పేర్లు. ‘హెచ్‌డబ్ల్యూ:1,0’ అంటే 1వ కార్డులో 0వ పరికరం, మధ్యలో ఏ మార్పిడీ లేకుండా నేరుగా. ‘ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ’ అంటే అదే పరికరం, కానీ శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్నది), ఫార్మాట్ అవసరమైతే మార్చి ఇస్తుంది. ‘డీమిక్స్’ పలు ప్రోగ్రాముల శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లో కలుపుతుంది. ‘డిఫాల్ట్’ ఎటు వెళ్లాలన్నది కాన్ఫిగరేషన్ ఫైలు చెబుతుంది. ఆడాసిటీ డివైస్ జాబితాలో ఇలాంటి పేర్లలో కొన్ని కనిపిస్తాయి. వాటిలో హెచ్‌డబ్ల్యూ పేరు ఎంచుకోవడమంటే కార్డు మొత్తం నాకే కావాలని అడగడమే. ఇది తెలియకుండా ఎంచుకునేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే మైకు కంపెనీ పేరు కనబడేది ఆ వరుసలోనే.

ఈలోగా డెస్క్‌టాప్‌లు శబ్దాలు కలపడానికి సొంత సర్వర్లు పెట్టుకున్నాయి. కేడీఈకి ఆర్ట్స్, గ్నోమ్‌కు ఈఎస్‌డీ. లెన్నార్ట్ పోటరింగ్ 2004లో మొదలుపెట్టిన పాలిప్‌ఆడియో, తర్వాత పల్స్‌ఆడియోగా పేరు మార్చుకుని వాటిని తొలగించింది. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 అనే లినక్స్ పంపిణీలు దాన్ని డిఫాల్ట్ చేశాయి. పల్స్‌ఆడియో కార్డును తన దగ్గర పెట్టుకుని, ఆల్సాలోని ‘డిఫాల్ట్’ పేరును తనవైపు మళ్లించింది. డిఫాల్ట్ అడిగిన ప్రోగ్రాములకు అంతా బాగానే సాగింది. హెచ్‌డబ్ల్యూ అడిగినవి మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయాయి.

ఆడాసిటీ చిక్కుకున్నది ఇక్కడే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి 2000 మే నెలలో విడుదల చేసిన ఈ ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడవాలి. అందుకే సౌండ్ కార్డుతో మాట్లాడే పనిని పోర్ట్‌ఆడియో అనే లైబ్రరీకి అప్పగించింది. -9985 లాంటి ఆ సంఖ్యలన్నీ పోర్ట్‌ఆడియోవే. అది లినక్స్‌లో మాట్లాడే భాష ప్రధానంగా ఆల్సా, దానితోపాటు సంగీతకారులు వాడే జాక్ అనే సౌండ్ సర్వర్. పల్స్‌ఆడియో తన ప్లగిన్ ద్వారా ఆల్సా పరికరంలా నటించినా, నిజమైన కార్డు టైమింగ్‌ను పూర్తిగా అనుకరించలేకపోయింది. ప్లే నొక్కితే ఎక్కడ ఉన్నామో చూపే గీత కదలకుండా నిలిచిపోవడం ఆ రోజుల సమస్య. పల్స్ లేటెన్సీని (శబ్దం చేరడంలో ఆలస్యాన్ని) 30 మిల్లీసెకన్లకు బిగించడం, పల్స్‌ను కాసేపు పక్కకు తప్పించే పాసస్పెండర్ కమాండ్ ద్వారా ఆడాసిటీని నడపడం అప్పటి మందులు. ఇవి పల్స్‌ఆడియో కోసం రాసుకున్నవి. మీ మెషీన్‌లో నడుస్తున్నది తర్వాత వచ్చిన పైప్‌వైర్ అయితే వీటి మీద ఆధారపడవద్దు.

రెడ్ హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్, 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34లోనూ, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10లోనూ పల్స్‌ఆడియో స్థానంలోకి వచ్చింది. పల్స్, జాక్, ఆల్సా మూడు వాకిళ్ల నుంచి వచ్చే ప్రోగ్రాములనూ ఇది ఒకే చోట కలుపుతుంది. పైప్‌వైర్-ఆల్సా ప్యాకేజీ ఉంటేనే ఆడాసిటీ జాబితాలో ‘పైప్‌వైర్’ అన్న పేరు వస్తుంది. అది లేకపోతే ముందు ఆ ప్యాకేజీ వేసి, ఆడాసిటీని మూసి మళ్లీ తెరవాలి.

లోపం ఒకసారి రావడం, ఇంకోసారి రాకపోవడం చాలామందిని విసిగించే విషయం. దీనికీ కారణం ఉంది. పల్స్‌ఆడియో అయినా, పైప్‌వైర్ అయినా మామూలు అమరికలో కార్డు ఖాళీగా ఉన్న 5 సెకన్లకు దాన్ని వదిలేస్తాయి. బ్రౌజర్‌లో కాల్ ముగించిన వెంటనే రికార్డ్ నొక్కితే హెచ్‌డబ్ల్యూ దొరకదు, పది సెకన్లు ఆగి నొక్కితే దొరుకుతుంది. మీటింగ్ ట్యాబ్ మైకును వాడుతూ ఉంటే ఎంతసేపు ఆగినా దొరకదు. ఎవరు పట్టుకున్నారో చూడాలంటే టెర్మినల్‌లో ఫ్యూజర్ కమాండ్‌ను చిన్న ‘వి’ స్విచ్‌తో, దేవ్‌లోని ఎస్ఎన్‌డీ డైరెక్టరీ ఫైళ్ల మీద నడపాలి. ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ సంఖ్య రెండూ చూపిస్తుంది.

-9997 వేరే జాతి. అది శాంపిల్ రేటు కుదరలేదని చెబుతుంది. ఆడాసిటీ ప్రాజెక్ట్ డిఫాల్ట్‌గా 44100 హెర్ట్జ్. కొన్ని యూఎస్‌బీ మైకులకు 48000 తప్ప తెలియదు. హెచ్‌డబ్ల్యూ పేరుతో తెరిస్తే మధ్యలో మార్చేవారు లేరు కాబట్టి తలుపు మూసుకుంటుంది. ప్రాక్ డైరెక్టరీలోని ఏసౌండ్‌లో, ఆ కార్డు ఫోల్డర్ లోపల ‘స్ట్రీమ్0’ ఫైలు చదివితే మైకు ఒప్పుకునే రేట్లు, ఛానళ్లు రాసి ఉంటాయి. ఆడియో సెట్టింగ్స్‌లో ప్రాజెక్ట్ రేటును దానికి సరిపెట్టండి. -9998 అంటే ఛానళ్ల తేడా. ఒకే ఛానల్ ఉన్న మైకును స్టీరియోలో అడిగితే వచ్చేది ఇదే. మోనో ఎంచుకుంటే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. రికార్డ్ చేస్తూ పాత ట్రాకులు వినే ఓవర్‌డబ్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, వినడానికి ట్రాకులున్నప్పుడు ఆడాసిటీ స్పీకర్‌ను కూడా అదే క్షణంలో తెరుస్తుంది. సందేశం రికార్డింగ్ పరికరం అంటున్నా, మొండికేసింది స్పీకర్ కావచ్చు. ట్రాన్స్‌పోర్ట్ మెనూలో ఆ ఆప్షన్ తీసి ఒకసారి చూడండి. లోపం పోతే ప్లేబ్యాక్ వైపు వెతకాలి.

మైకును ఆడాసిటీ తెరిచాక తగిలిస్తే అది జాబితాలో రాదు. పోర్ట్‌ఆడియో పరికరాలను ప్రారంభంలో ఒక్కసారే లెక్కపెడుతుంది. ట్రాన్స్‌పోర్ట్ మెనూలోని రీస్కాన్ నొక్కాలి. రీబూట్ తర్వాత కార్డుల సంఖ్య మారి, నిన్న ‘హెచ్‌డబ్ల్యూ:1,0’ అయినది ఈరోజు ‘హెచ్‌డబ్ల్యూ:2,0’ కావడమూ మామూలే. అందుకే హోస్ట్‌గా ఆల్సా ఉంచి, పరికరంగా ‘పైప్‌వైర్’, ‘పల్స్’ లేదా ‘డిఫాల్ట్’ ఎంచుకుని, ఏ మైకు కావాలో డెస్క్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్‌లో చెప్పడం మేలు. కథలు చదివి రికార్డ్ చేసేవారికీ, పాడ్‌కాస్ట్ చేసేవారికీ ఇది చాలు.

ఓఎస్ఎస్ కాలం నుంచి చేతులు మారుతూ వస్తున్న ఒక సలహాను మాత్రం వదిలేయాలి. అది యూజర్‌ను ‘ఆడియో’ గ్రూపులో చేర్చమనేది. ఇప్పుడు లాగిన్ అయి మెషీన్ ముందు కూర్చున్నవారికి అనుమతి దానంతటదే వస్తుంది. గ్రూపులో చేరిస్తే ఒక యూజర్ నుంచి ఇంకొకరికి మారినప్పుడు మొదటివారే కార్డును పట్టుకుని కూర్చునే ప్రమాదం ఉంది. ఆడాసిటీని రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడపడం ఇంకా చేటు, సౌండ్ సర్వర్ నడిచేది మీ సెషన్‌లో, రూట్ సెషన్‌లో కాదు.

ఇవేవీ ఫలించకపోతే పొరలన్నీ దాటి అడుగున పరీక్షించాలి. ఆడాసిటీని, బ్రౌజర్‌ను మూసి, ఏరికార్డ్ కమాండ్‌కు చిన్న ‘ఎల్’ స్విచ్ ఇచ్చి కార్డు సంఖ్య చూడండి. తర్వాత అదే ఏరికార్డ్‌తో ఆ ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ పేరు మీద, 48000 రేటులో 5 సెకన్లు రికార్డ్ చేసి వినండి. ఫైలు వచ్చి నిశ్శబ్దంగా ఉంటే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డు, ఎఫ్4తో క్యాప్చర్ స్థాయి చూసి పెంచండి. శబ్దం బాగా వస్తే లోపం పై పొరల్లోనే ఉంది. పైప్‌వైర్, దాని పరికరాలను నిర్వహించే వైర్‌ప్లంబర్ యూజర్ సర్వీసులను రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఏరికార్డ్ జాబితాలో మైకు పేరే లేకపోతే వేరే కేబుల్, వేరే యూఎస్‌బీ పోర్టు పెట్టి, కెర్నెల్ సందేశాలు చదవండి.