తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందన్న మాట వెనక నూరేళ్ల ప్రయోగాలు

రోజులో పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తిండి ముగించే పద్ధతి ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ కొత్త సంగతి కాదు. చేతికి గ్లూకోజ్ సెన్సర్ అంటించుకుని, ఏ ముద్ద తింటే చక్కెర ఎంత పెరిగిందో ఫోనులో చూసుకునేవారూ ఉన్నారు. తన శరీరం మీద తానే ఇలా ప్రయోగం చేసుకోవడాన్ని బయోహ్యాకింగ్ అంటున్నారు. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాటా, శనివారం ఒక్కపొద్దూ, ఏకాదశి ఉపవాసమూ, రంజాన్ మాసపు రోజాలూ మనకు తరతరాలుగా తెలిసినవే అయినా, నేటి పద్ధతులు తమకు ఆధారంగా చూపుతున్నది వ్రతాలను కాదు, ప్రయోగశాలలను. అందుచేత ఆ ప్రయోగశాలల్లో నిజంగా ఏం జరిగిందో చూడవలసి ఉంది. అక్కడ ప్రతి ఫలితానికీ ఒక షరతు ఉంది. ప్రచారం దాకా వచ్చేసరికి ఫలితం మిగిలి, షరతు జారిపోయింది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పోషకాహార శాస్త్రజ్ఞుడు క్లైవ్ మెకే 1935లో తన సహచరులతో కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించాడు. పాలు మరిచిన ఎలుక పిల్లలకు తిండి బాగా తగ్గించి పెడితే వాటి ఎదుగుదల ఆగింది కానీ, కడుపునిండా తిన్న ఎలుకలు చనిపోయిన తర్వాత కూడా, తిండి తగ్గించినవాటిలో చాలా మగ ఎలుకలు చాలాకాలం బతికాయి. ఆడ ఎలుకల్లో అంత తేడా కనిపించలేదన్న సంగతిని ఈ ప్రయోగాన్ని ఉదాహరించేవారు సాధారణంగా చెప్పరు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి: మెకే తగ్గించింది శక్తిని, అంటే కెలోరీలను మాత్రమే. మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజ లవణాలు లోపించకుండా ఆ కొద్దిపాటి మేతలోనే జాగ్రత్తగా సమకూర్చాడు. ఆకలికీ, పోషకాహార లోపానికీ మధ్య ఆయన గీసిన ఈ గీత మీదే తర్వాతి పరిశోధనంతా నిలబడింది.

మెకే కన్నా ముందే, మన దగ్గర, నీలగిరి కొండల్లోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు మరో వైపు నుంచి ఇదే ప్రశ్నను తడుముతున్నాడు. 1918లో అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి వ్యాధి మీద విచారణగా ఆయన పని మొదలైంది. మరపట్టిన తెల్ల బియ్యమే ప్రధాన ఆహారమైన ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే నేటి కోస్తాంధ్రలో, ఆ వ్యాధి బాగా ఎక్కువగా ఉండేది. బియ్యపు తవుడుతో పాటు థయమిన్ అనే విటమిన్ పోవడమే దానికి కారణం. మెక్‌కారిసన్ తర్వాత దేశంలోని వేర్వేరు ప్రాంతాల వాళ్లు తినే భోజనాలను వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, నెయ్యి, పప్పు, కూరగాయలతో కూడిన సిక్కుల భోజనం తిన్న ఎలుకలు అన్నిటికన్నా ఏపుగా పెరిగాయి. పాలు, పప్పు కొరవడి అన్నమే ఎక్కువగా ఉన్న మద్రాసు భోజనం తిన్నవి బక్కచిక్కాయి. ఎంత తిన్నామన్నది ఒక్కటే కాదు, తిన్నదాంట్లో ఏముందన్నదీ లెక్కేనని ఆ ఎలుకలు చెప్పాయి. కూనూరులోని ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉన్న ఆ ప్రాంగణం ముందు నుంచి రోజూ వెళ్లేవారిలో చాలామందికి ఈ చరిత్ర తెలిసి ఉండకపోవచ్చు.

మనుషుల మీద తిండి తగ్గించి చూసిన అతి ప్రసిద్ధమైన ప్రయోగం ఆయుష్షు కోసం జరిగింది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం చివర, ఆకలితో మాడుతున్న యూరప్ ప్రజలను తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి, ఆన్సెల్ కీస్ 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండి పెట్టాడు. వాళ్లంతా ఆయుధం పట్టడం తమ మనస్సాక్షికి విరుద్ధమని యుద్ధానికి వెళ్లనివారు, ఈ పనికి తమంతట తాము ముందుకు వచ్చినవారు. వారి శరీర బరువులో దాదాపు నాలుగో వంతు కరిగిపోయింది. ఎండాకాలంలోనూ చలి వేసేది. పళ్లాలను నాకి తుడిచేవారు. వంట పుస్తకాలు పోగు చేసుకుని, అందులోని వంటకాలను గంటల తరబడి చదువుకునేవారు. కునుకు పట్టదు, నవ్వు రాదు, తిండి తప్ప మరో ఆలోచన ఉండదు. తిరిగి కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా వాళ్లు మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది. కెలోరీలతో పాటు పోషకాలూ తగ్గితే మనిషి లోపల ఏం జరుగుతుందో ఇంత దగ్గరగా చూపిన పరిశోధన మరొకటి లేదు.

1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే మూసిన గాజు భవనంలోకి ఎనిమిది మంది రెండేళ్ల పాటు వెళ్లారు. అందులో పండించుకున్నదే తినాలి. పంట చాలలేదు. అనుకోకుండా ఏర్పడిన ఈ స్థితిని, లోపలే ఉన్న వైద్యుడూ, ఎలుకల్లో ఆహార నియంత్రణపై ఏళ్ల తరబడి పని చేసిన పరిశోధకుడూ అయిన రాయ్ వాల్‌ఫోర్డ్ ప్రయోగంగా మలిచాడు. అందరి బరువూ, రక్తపోటూ, కొలెస్టరాలూ, చక్కెరా తగ్గాయని ఆయన రాశాడు. ఆయుష్షు పెరుగుతుందా అన్నదానికి మాత్రం రెండేళ్ల లెక్క సరిపోదు. వాల్‌ఫోర్డ్ 2004లో 79 ఏళ్ల వయసులో నరాల వ్యాధితో మరణించాడు.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది కోతుల కథ. 1980ల చివర అమెరికాలోనే రెండు చోట్ల, రీసస్ కోతులకు సుమారు 30 శాతం తిండి తగ్గించి ఏళ్ల తరబడి గమనించారు. తిండి తగ్గిన కోతుల్లో వృద్ధాప్య సంబంధ వ్యాధులూ, వాటితో వచ్చే మరణాలూ తగ్గాయని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు 2009లో ప్రకటించారు. జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థ వారు 2012లో తమ కోతుల్లో ఆయుష్షులో తేడా ఏమీ కనబడలేదని చెప్పారు. ఒకే జాతి జంతువు, ఒకే ఉపాయం, రెండు జవాబులు. వివరం వెతికితే తేడా మేతలో బయటపడింది: విస్కాన్సిన్‌లో పోలికకు పెట్టుకున్న కోతులు చక్కెర ఎక్కువగా ఉన్న మేతను ఇష్టమొచ్చినంత తిన్నాయి, రెండో చోట పోలిక కోతులకు కూడా సహజమైన ధాన్యాలతో చేసిన మేతను కొలిచే పెట్టారు. అంటే చెడు తిండిని తగ్గిస్తే మేలు కనబడింది, మంచి తిండిని తగ్గిస్తే అంతగా కనబడలేదు. రెండు బృందాలూ 2017లో కలిసి కూర్చుని, వయసు, మేత వంటి తేడాలన్నిటినీ పరిశీలించాక, తిండి తగ్గించడం వల్ల ఆరోగ్యానికి మేలుందని అంగీకరించాయి. కూనూరు ఎలుకలు చెప్పిన మాటే దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కోతులూ చెప్పాయన్నమాట.

ఆకలి పడకుండానే ఆకలి ఫలితం పొందాలన్న ఆశ నుంచి మందుల దారి తెరుచుకుంది. 1964లో పసిఫిక్ మహాసముద్రంలోని రాపా నూయి దీవికి వెళ్లిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, అవిభక్త భారతదేశంలో పుట్టిన సురేన్ సెహగల్ మాంట్రియల్‌లోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో రాపామైసిన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. కంపెనీ ఆ ప్రయోగశాలను మూసేసినప్పుడు ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడాడు. 1999లో అది మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా ఉంచే మందుగా అనుమతి పొందింది. కణానికి పోషకాలు అందుతున్నాయని చెప్పే వ్యవస్థను అది అణచివేస్తుంది. తిండి ఉన్నా లేనట్టే కణం ప్రవర్తిస్తుంది. ముసలి ఎలుకలకు ఇచ్చినా వాటి ఆయుష్షు పెరిగిందని 2009లో తేలడంతో, ఏ జబ్బూ లేనివారు కూడా దాన్ని మింగడం మొదలుపెట్టారు. ఆయుష్షు కోసం కోట్లు ఖర్చు పెట్టే అమెరికా వ్యాపారవేత్త బ్రయాన్ జాన్సన్, చర్మ సంబంధ ఇన్‌ఫెక్షన్లు, పెరిగిన చక్కెర వంటి ఇబ్బందులు చెబుతూ 2024లో దాన్ని మానేశాడు.

గంటల లెక్క ఉపవాసానికి మూలం అమెరికాలోని సాల్క్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం 2012లో ప్రచురించిన ఎలుకల పరిశోధన. రోజులో ఎనిమిది గంటలే కొవ్వు మేత తిన్న ఎలుకలు, అంతే మేతను రోజంతా తిన్నవాటిలా లావెక్కలేదు. ఎలుకకు ఒక్క రోజు పస్తు మనిషికి ఒక్క రోజు పస్తుతో సమానం కాదు. దాని జీవితమే రెండు మూడేళ్లు. 2022లో చైనాలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు జరిగిన పరీక్షలో, కెలోరీలు సమానంగా తగ్గించినప్పుడు గంటల నియమం వల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం రాలేదు. ఊబకాయం లేని 218 మందితో అమెరికాలో రెండేళ్లు నడిచిన మరో పరీక్షలో తిండిని 25 శాతం తగ్గించాలనుకుంటే, నిజంగా తగ్గించగలిగింది 12 శాతం. గుండెకు మేలు చేసే మార్పులు వచ్చాయి. కండ, ఎముకల సాంద్రత కూడా కొంత తగ్గాయి.

ఈ చివరి సంగతి మనకు ఎక్కువ వర్తిస్తుంది. భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు 2023లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. ఒళ్లు సన్నగా కనబడినా కండ తక్కువగా, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువగా ఉండే శరీరాలు మనవి. 2017 ప్రాంతంలో కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలతో కూడిన ఒక పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటి మాట అయినప్పుడు, చాలామంది వైద్యులు అభ్యంతరం చెప్పినా వేలాది మంది ఆశతో దాన్ని పాటించారు. వాళ్లను తప్పుపట్టలేం, జీవితాంతం మాత్రలు మింగాలన్న మాట విన్నవారికి మరో దారి ఉందంటే ఆశ కలగకుండా ఎలా ఉంటుంది? అయితే ఇన్సులిన్, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారు వైద్యుడితో చెప్పి మోతాదు మార్చుకోకుండా పస్తుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

మన ఇళ్లలో ఎనిమిది గంటల నియమం పెట్టుకున్నవారు సాధారణంగా వదిలేది ఉదయపు టిఫిను. పెసరట్టు అంటే పెసలు, ఇడ్లీ అంటే మినపప్పు, పక్కన గుడ్డో పాలో. మిగిలేది మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అన్నం. కెలోరీలు తగ్గాయి, వాటితో పాటు పప్పూ తగ్గింది. మెకే తన ఎలుకలకు ఏది తగ్గకుండా చూశాడో సరిగ్గా అదే ఇక్కడ ముందుగా పళ్లెంలోంచి పోతోంది.