క్యాసెట్ విప్పి చూడందే నమ్మకండి: రెట్రో గేమ్ కలెక్షన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను పాత వీడియో గేమ్ క్యాసెట్లు కొంటాను, విప్పుతాను, తుడుస్తాను, చచ్చిపోయిన బ్యాటరీలు మారుస్తాను, రెండోది ఉంటే అమ్ముతాను కూడా. (కార్ట్రిడ్జ్ అనాలి గానీ నోటికి క్యాసెట్ అనే వస్తుంది, అదే రాస్తా.) రేర్ క్యాసెట్లు పోగెయ్యాలని కొత్తగా దిగేవాళ్లు నన్ను అడిగేవి ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు, నమ్మేవి కూడా అవే నమ్మకాలు. నా లెక్క ప్రకారం అన్నిటికీ మూలం ఒక్కటే, అందరూ పైనున్న లేబుల్ చూస్తారు, డబ్బా చూస్తారు, లోపలున్న సర్క్యూట్ బోర్డు మాత్రం ఎవరూ చూడరు.

అపోహ: ఎంత పాతదైతే అంత రేర్

అస్సలు కాదు. సూపర్ మారియో బ్రదర్స్ 1985 నాటిది, 4 కోట్ల కాపీలకి పైనే అమ్ముడైంది, డక్ హంట్‌తో కలిపి ఒకే క్యాసెట్‌లో పెట్టి కన్సోల్‌తో పాటే ఇచ్చేశారు, అది రేర్ ఎలా అవుతుంది చెప్పండి. అటారీ వాళ్ల 2600 కన్సోల్‌కి వచ్చిన ఈ.టీ. గేమ్ అయితే 1982లో వచ్చి ఎంత మిగిలిపోయిందంటే, 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డో దగ్గర వేరే గేమ్స్‌తో కలిపి చెత్తగుంటలో పూడ్చేశారు. 2014లో తవ్వితే అన్నీ కలిపి 1300 దాకా బయటికొచ్చాయి. ఆ గుంటలోంచి వచ్చిన కాపీకి ఆ కథ వల్ల విలువ ఉంది గానీ, మామూలు ఈ.టీ. క్యాసెట్ ఇప్పటికీ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది.

నిజంగా రేర్ అయ్యేవి ఎలాంటివంటే, ఒకటి, కన్సోల్ ఆఖరి రోజుల్లో వచ్చినవి. అమెరికాలో 1991లో సూపర్ నింటెండో వచ్చేసరికి జనం చూపు అటు తిరిగింది, కానీ దానికి ముందున్న నింటెండో కన్సోల్ ఎన్‌ఈఎస్‌కి 1994 దాకా గేమ్స్ వస్తూనే ఉన్నాయి, కొనేవాళ్లు తగ్గారు కాబట్టి కాపీలు కూడా తక్కువే తీశారు. 1992లో వచ్చిన లిటిల్ శామ్సన్ ఆ బాపతే. రెండు, షాపుల్లోకి వచ్చి వెనక్కి వెళ్లినవి. బాండాయ్ వాళ్ల స్టేడియం ఈవెంట్స్‌ని కాళ్లతో తొక్కే మ్యాట్ మీద ఆడాలి, ఆ మ్యాట్ హక్కులు నింటెండో కొనేసుకుని పవర్ ప్యాడ్ అని పేరు మార్చి, గేమ్‌ని కూడా వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్ అని మళ్లీ వదిలింది. లోపల గేమ్ దాదాపు అదే, కానీ మొదటి పేరున్న క్యాసెట్ దొరకదు, రెండో పేరుది కుప్పలు. మూడు, అసలు అమ్మకానికే రానివి. 1990లో నింటెండో పెట్టిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీల క్యాసెట్లు గ్రే రంగులో 90, గోల్డ్ రంగులో 26 ఇచ్చారు. ఆ గోల్డ్‌ది నేను ఫొటోలో తప్ప చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

అపోహ: ఖరీదెక్కువంటే రేర్ అన్నమాటే

ఇది ఇంకా పెద్ద బోల్తా. 1995లో అమెరికాలో వచ్చిన ఎర్త్‌బౌండ్ వెతికితే దొరుకుతుంది, కానీ కావాల్సినవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ధర దిగదు. ఇంకోపక్క ఎవరికీ అక్కర్లేని స్పోర్ట్స్ గేమ్స్ తక్కువ కాపీలే మిగిలినా అడిగే నాథుడు ఉండడు. ధర పెట్టేది సంఖ్య కాదు, దాన్ని కావాలనుకునే జనం.

అపోహ: పని చెయ్యకపోతే ఊదాలి

నేనూ ఊదినవాడినే, కాబట్టి ఎవర్నీ తిట్టను. కానీ అసలు జరిగేది ఏంటంటే, అమెరికా ఎన్‌ఈఎస్‌లో క్యాసెట్‌ని ముందు నుంచి తోసి కిందకి నొక్కాలి, లోపల 72 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, అది కొన్నేళ్లకి వదులైపోతుంది. దానికి తోడు కన్సోల్‌లో ఒక లాక్ చిప్, క్యాసెట్‌లో దాని జంట చిప్ ఉంటాయి, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే కన్సోల్ సెకనుకి ఒకసారి దానంతట అదే రీసెట్ అవుతూ ఉంటుంది. ఎర్ర లైట్ టపటపా కొట్టుకునేది అందుకే, గేమ్ పోయి కాదు. మనం క్యాసెట్ తీసి, ఊది, మళ్లీ పెడతాం. పనిచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. ఊదడం వల్ల వచ్చేది నోటి తడి ఒక్కటే, అది రాగి మీదికెళ్లి మెల్లగా చిలుం పట్టిస్తుంది. తర్వాత రోజుల్లో ఊదొద్దని నింటెండోనే చెప్పింది.

తుడవడం ఎలాగంటే 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవులు తుడుచుకునే దూది ఇయర్‌బడ్స్, అంతే. వేరే కన్సోల్ మీద వాడిన పాత క్యాసెట్‌ని మొదటిసారి తుడిస్తే మొదటి ఇయర్‌బడ్ నల్లగా కాటుకలా వస్తుంది, రెండోది బూడిద రంగు, మూడోది లేత పసుపు, నాలుగోది తెల్లగా వచ్చేదాకా ఆపకండి, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితం, ఇత్తడి మెరిపించే పాలిష్ లాంటివి దగ్గరికి కూడా తేకండి, ఆ పిన్నుల మీద బంగారు పూత చాలా పల్చన, ఒకసారి పోతే తిరిగి రాదు.

అపోహ: లోపల బ్యాటరీ పోతే గేమ్ పోయినట్టే

గేమ్ ఉండేది మాస్క్ రోమ్ (ROM) చిప్‌లో, ఫ్యాక్టరీలో తయారయ్యేటప్పుడే డేటా ఆ సిలికాన్‌లో గీతల్లా పడిపోతుంది, దానికి కరెంటుతో పనిలేదు. బ్యాటరీ కాపలా కాసేది మీ సేవ్‌ని, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్నదాన్ని మాత్రమే. 1987లో అమెరికాకి వచ్చిన బంగారు రంగు జెల్డా క్యాసెట్‌లో ఉండేది మామూలు సీఆర్2032 బటన్ బ్యాటరీ, అది పోతే సేవ్ ఉండదు, గేమ్ మాత్రం ఎప్పట్లాగే ఆడుకోవచ్చు.

పోకెమాన్ దగ్గర మాత్రం కొంచెం తికమక ఉంది. గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో సేవ్‌తో పాటు గడియారం కూడా ఆ బ్యాటరీ మీదే నడుస్తుంది, అందుకే అవి త్వరగా అయిపోతాయి. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లో అలా కాదు, సేవ్ ఉండేది కరెంటు లేకపోయినా చెరగని ఫ్లాష్ చిప్‌లో, బ్యాటరీ గడియారానికి మాత్రమే. మొదలుపెట్టగానే బ్యాటరీ అయిపోయింది, గేమ్ ఆడొచ్చు అని మెసేజ్ వస్తే కంగారు పడి పారెయ్యకండి, సేవ్ క్షేమంగానే ఉంది.

బ్యాటరీ మార్చడంలో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదట్లో ఒకాయన తన పాత సిల్వర్ క్యాసెట్ ఇచ్చి బ్యాటరీ మార్చమన్నాడు, ఇంకా కొంచెం ప్రాణం ఉన్న బ్యాటరీ అది, సేవ్ కూడా ఉంది. నేను ఠక్కున పాతది ఊడదీసి కొత్తది టంకం పెట్టి ఇచ్చేశాను. ఆన్ చేస్తే న్యూ గేమ్ ఒక్కటే కనపడింది. ఆయన చిన్నప్పుడు తమ్ముడితో కలిసి పట్టిన పోకెమాన్లన్నీ అందులో ఉన్నాయని అప్పుడు చెప్పాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ తర్వాత నుంచి, క్యాసెట్‌లోని సేవ్‌ని కంప్యూటర్‌లోకి దించే చిన్న యూఎస్‌బీ రీడర్ లేకుండా నేను ఏ బ్యాటరీ ముట్టుకోను, ముందు కాపీ తీసి పెట్టుకుంటా, మార్చాక తిరిగి ఎక్కిస్తా. ఇంకోటి, బ్యాటరీ కొనేటప్పుడు రేకు కాళ్లు అతికించి వచ్చేవే కొనండి, బటన్ బ్యాటరీ మీద నేరుగా టంకం పెడితే వేడికి పగలొచ్చు, టేపు అంటించి నెట్టుకొస్తే ఏదో ఒక రోజు జారిపోతుంది.

ఒక్క మినహాయింపు, ప్రోటోటైప్‌లు. విడుదలకి ముందు కంపెనీల్లో తిరిగిన ఆ బోర్డుల మీద ఎక్కువగా ఉండేవి ఈప్రామ్ చిప్‌లు, నడిమధ్యలో చిన్న గాజు కిటికీ, దాని మీద స్టిక్కర్. వాటిలో డేటా నిజంగానే కాలంతో చెరిగిపోగలదు, స్టిక్కర్ పీకి ఎండలో పెడితే ఇంకా తొందరగా. అలాంటిది చేతికొస్తే మొదటి పని దాని కాపీ తీయించడం.

అపోహ: లేబుల్ కొత్తగా మెరుస్తోందంటే బాగా దాచుకున్న ఒరిజినల్

చాలాసార్లు దీనికి ఉల్టా. నేను మొదట కొన్న పోకెమాన్ ఎమరాల్డ్ లేబుల్ అద్దంలా ఉంది, పచ్చ రంగు ప్లాస్టిక్ కూడా కరెక్ట్‌గానే అనిపించింది, మూడు వారాలు ఆడాను, ఒక రోజు సేవ్ పాడైంది అని వచ్చింది. విప్పితే బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ.

అప్పట్నుంచి గేమ్ బాయ్ అడ్వాన్స్ (ఎమరాల్డ్ ఆడే చేతి కన్సోల్) క్యాసెట్ చేతిలోకి వస్తే నా కళ్లు వెళ్లే చోట్లు ఇవి. కింద పిన్నులకి సరిగ్గా పైన బోర్డు మీద నింటెండో అని చిన్నగా అచ్చు ఉంటుంది, విప్పకుండానే తొంగి చూస్తే కనపడుతుంది. లేబుల్‌ని వెలుతురికి ఏటవాలుగా పట్టుకుంటే రెండంకెల నంబర్ ఒకటి నొక్కినట్టు గుంటగా కనపడాలి, సిరా కాదు, అచ్చంగా నొక్కు. వెనక స్క్రూ మూడు రెక్కలది ఉండాలి. ఇవి కూడా కాపీ కొట్టేవాళ్లున్నారు, అందుకే చివరికి విప్పాల్సిందే. ఒరిజినల్ బోర్డు మీద పార్ట్ నంబర్లు, సంవత్సరం శుభ్రంగా అచ్చయి ఉంటాయి, చిప్‌లు చిప్‌ల్లా కనపడతాయి. నకిలీలో ఎక్కువగా నల్ల తారు చుక్క పెట్టినట్టు ఒక బొట్టు ఉంటుంది. (అటారీలో, ఎన్‌ఈఎస్‌కి జపాన్ రూపమైన ఫామికామ్‌లో కొన్ని అసలైన వాటికి కూడా ఆ నల్లబొట్టు ఉంటుంది, కాబట్టి బొట్టు చూడగానే తీర్పు ఇచ్చెయ్యకుండా అదే గేమ్ అసలు బోర్డు ఫొటో పక్కన పెట్టుకుని పోల్చండి.)

నకిలీతో ఇంకో తలనొప్పి, ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో లాంటి పాత కన్సోళ్లు 5 వోల్టులతో నడుస్తాయి, చవక రీప్రోల్లో (కొత్తగా తయారుచేసిన నకలు క్యాసెట్లలో) 3.3 వోల్టుల చిప్ తెచ్చి మధ్యలో ఏ సర్దుబాటూ లేకుండా అతికించేస్తారు. ఆడుతుంది, కానీ ఆ చిప్ మీదా కన్సోల్ మీదా అనవసరమైన భారం. రీప్రో అని చెప్పి అమ్మితే నాకేం గొడవ లేదు, చక్కగా చేసినవి నా దగ్గరా ఉన్నాయి, జపాన్ దాటని గేమ్స్‌కి ఇంగ్లిష్ అనువాదం ఎక్కించినవి. ఒరిజినల్ అని అమ్మితేనే కాలుతుంది.

అపోహ: సీల్ తియ్యనివి కొని పెట్టుకుంటే పెట్టుబడి

2021 జులైలో సీల్ తియ్యని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. అది చూసి ఎంతమంది ఇటు దూకారో లెక్కలేదు. ఆ గేమ్ కోటి కాపీలకి పైనే అమ్ముడైంది, రేర్ అన్నది గేమ్ కాదు, ఆ ఒక్క డబ్బా ఉన్న కండిషన్, దానికి గ్రేడింగ్‌లో (కండిషన్ చూసి మార్కులెయ్యడంలో) పడిన మార్కు. పైగా సీల్డ్ అంటే లోపల ఏముందో మీరు చూడలేరు, ప్లాస్టిక్ చుట్టే మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎన్‌ఈఎస్ డబ్బాలకి ఫ్యాక్టరీ సీల్ అతుకు వెనకవైపు అడ్డంగా వస్తుంది, ఇలాంటి సంగతులు వందల డబ్బాలు తిప్పి చూస్తే గానీ కంటికి అలవాటు కావు. కొత్తవాళ్లు దీని జోలికి పోవద్దన్నది నా మాట, లూజ్ క్యాసెట్లతో మొదలెట్టండి, డబ్బా, మాన్యువల్ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: ఏ దేశం క్యాసెట్ పెట్టినా గేమ్ ఆడుతుంది

జపాన్ ఫామికామ్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా ఎన్‌ఈఎస్‌కి 72, అడాప్టర్ కావాలి. తమాషా ఏంటంటే తొలి రోజుల్లో వచ్చిన జైరోమైట్ అనే ఎన్‌ఈఎస్ గేమ్ క్యాసెట్లు కొన్నిటిలో నింటెండోనే జపాన్ బోర్డు పెట్టి ఆ అడాప్టర్ తగిలించి అమ్మేసింది, దానికోసమే పాపం చాలా జైరోమైట్లు పగిలాయి. అడాప్టర్ ఉన్నా కొన్నిసార్లు లోటే, జపాన్ క్యాసిల్‌వేనియా 3లో కొనామీ చిప్ ఒకటి అదనంగా మూడు సౌండ్ ఛానళ్లు ఇస్తుంది, ఎన్‌ఈఎస్‌లో పెడితే ఆ సౌండ్ బయటికి రాదు. గేమ్ బాయ్, అడ్వాన్స్‌లకి ఈ దేశాల గోల లేదు, మొదలుపెట్టడానికి అవి సుఖం అనేది అందుకే.

అపోహ: పసుపెక్కితే పాడైనట్టు

ప్లాస్టిక్ పాతబడి వచ్చే రంగు అది, గేమ్‌కి ఏం కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేస్తారు, కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కొచ్చు. నేనైతే వదిలేస్తా.

అపోహ: స్క్రూ విప్పితే వాల్యూ పోతుంది

లూజ్ క్యాసెట్‌లో స్క్రూ కింద సీల్ ఏమీ ఉండదండీ. ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, ఎన్64, పాత గేమ్ బాయ్ క్యాసెట్లకి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ (ఈ స్క్రూలకి పట్టే స్క్రూడ్రైవర్ మొన) సరిపోతుంది, తొలి ఎన్‌ఈఎస్ క్యాసెట్లకైతే తల మీద ఒక్క గాడి ఉండే మామూలు స్క్రూలు ఐదు. గేమ్ కంటే ముందు ఆ బిట్ కొనండి, ఎవరికీ అక్కర్లేని స్పోర్ట్స్ క్యాసెట్ మీద నాలుగైదు సార్లు విప్పి బిగించండి.

ఒకాయన ఎర్త్‌బౌండ్ అమ్ముతానంటే బోర్డు ఫొటో అడిగాను. విప్పితే వాల్యూ పోతుందని వారం రోజులు సాగదీశాడు. చివరికి నా దగ్గరున్న సూపర్ నింటెండో క్యాసెట్ విప్పి, బిగించి, రెండు ఫొటోలూ పంపాను, ఏ బిట్ కొనాలో కూడా రాశాను. నాలుగు రోజుల తర్వాత ఫొటో వచ్చింది, కొత్త ఆకుపచ్చ బోర్డు, మధ్యలో నల్లబొట్టు. దాని కింద ఒక్క లైన్, "నేను దీన్ని ఒరిజినల్ అనుకునే కొన్నానండీ, ఇప్పుడేం చెయ్యను".